హార్టుంగు పాస్టెల్ పత్రములు: మూలప్రతిరూప విచారము

1945వ సంవత్సరమున ద్వితీయ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట ప్యారిసు నగరమున వర్ధిల్లిన నిర్వస్తుక చిత్రకళలో హాన్స్ హార్టుంగు (1904-1989) అను చిత్రకారునకు మొదటి వరుసలో స్థానము కలదు. మనుష్యుఁడు, వృక్షము, గృహము మున్నగు లోకవస్తువులలో దేనిని ననుకరింపక, కేవలము రేఖలతోడను వర్ణములతోడను రచింపఁబడిన చిత్రమునకు నిర్వస్తుక చిత్రమని పేరు. హార్టుంగుని చిత్రములను గూర్చి చిరకాలము ప్రచారములో నుండిన మాట యొకటి కలదు. అతని కుంచె వస్త్రముపై మెఱుపువలెఁ బడినదనియు, ఆలోచనకుఁ జోటీయక యొక్క క్షణమున వెలువడిన హస్తచేష్టయే చిత్రముగా నిలిచినదనియు ఆ మాటకు సారము. ఇది సగము సత్యము, సగము పొరపాటు. మెఱుపు పడిన మాట సత్యమే కాని, తఱచుగా అది మొదటఁ బడినది కాగితముమీఁద. వస్త్రముపైఁ గానవచ్చునది యనేక స్థలములయందు ఆ కాగితమునకుఁ బ్రతిరూపము. హార్టుంగు ఇట్లు ఉపయోగించిన కాగితములలో సిరాతో వ్రాసినవి కొన్ని, పాస్టెల్ అను రంగుసుద్దతో వ్రాసినవి కొన్ని. వీనిలో రెండవ జాతివానిని ముఖ్యముగాఁ గైకొని మూలప్రతిరూపముల సంబంధమును నిర్ణయించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. సౌలభ్యముకొఱకు వస్త్రముపై రచించినది పటమనియు, కాగితముపై రచించినది పత్రమనియు ఇందు వ్యవహరింపఁబడును.

చిత్రకారుని చరిత్రము

హార్టుంగు 1904వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని జర్మనీదేశమందలి లైప్జిగు నగరమున నొక వైద్యుని యింట జన్మించెను. బాల్యమున నతనికి ఉఱుములన్న మిక్కిలి భయము. ఆకాశమున మెఱుపు మెఱసినంతనే, ఉఱుము వినఁబడుటకు మునుపే, దానిని పుస్తకములో గీచినచోఁ దనకు హాని కలుగదని యా బాలుఁడు నమ్మియుండెను. ఆ విధముగా మెఱుపుల గీతలతో నిండిన బడిపుస్తకములను గూర్చి యతఁడే 1976లో వెలువడిన తన స్వీయచరిత్రమునఁ జెప్పియున్నాఁడు. గీత యొక క్షణములో ముగియవలయు ననెడి నియమము అతని చేతికి నాఁడే యలవడినదని చెప్పవచ్చును.

1922లో, లోకవస్తువుల జాడ లేని నీటిరంగు చిత్రములను వరుసగా రచించెను. నిర్వస్తుక చిత్రకళా ప్రవర్తకులలో నొకఁడైన కాండిన్‌స్కీ (1866-1944) యుపన్యాసమును అతఁడు విన్నది 1925లో. ఆ నీటిరంగు చిత్రములు దానికి మూఁడేండ్లు పూర్వపువి. పిదప లైప్జిగు, డ్రెస్డెను, మ్యూనికు నగరములందు విద్యాభ్యాసము చేసెను. మ్యూనికున మాక్సు డోర్నరు అను నాచార్యునియొద్ద వర్ణద్రవ్యముల స్వభావమును, వానిని గలుపు విధానమును నేర్చెను. చిత్రములోని పరిమాణములకు గణితమూలమైన నియమము కలదా యని విచారించుచు, సువర్ణవిభాగమను ప్రాచీన నిష్పత్తిని కొన్నేండ్లు శ్రద్ధతోఁ బరిశీలించెను. ఈ యంశము మఱవఁదగినది కాదు. హార్టుంగు నియమ మెఱుంగక గీతలు గీచినవాఁడు కాఁడు. నియమమును వెదకి, కొలిచి చూచిన పిమ్మట గీచినవాఁడు.

1935లో నాజీ ప్రభుత్వపు టొత్తిడికి నిలువలేక బెర్లిను విడిచి ప్యారిసు చేరెను. అచట జీవనము కష్టమయ్యెను. ఇనుముతో శిల్పములు నిర్మించుటలోఁ బ్రసిద్ధుఁడైన స్పెయిను దేశీయుఁడు హూలియో గొంథాలెథ్ (1876-1942) అతనికి స్నేహితుఁడై, తన శిల్పశాలలోఁ బనిచేయ నవకాశ మొసంగెను. 1939లో ఆ శిల్పి కుమార్తెయగు రొబెర్తాను హార్టుంగు వివాహమాడెను. ఆ యేఁటనే యుద్ధ మారంభముకాఁగా ఫ్రాన్సువారి విదేశీయ సేనాదళమునఁ జేరెను. 1940లో ఫ్రాన్సు ఓడిన పిమ్మట భార్యాబంధువులతో దక్షిణప్రాంతమునఁ గాలము గడపి, జర్మను సేనలు అచటికిని వచ్చినమీఁదట స్పెయినునకుఁ బాఱిపోయెను. అచటఁ జెఱ యనుభవించి, విడుదల పొంది, ఉత్తరాఫ్రికాలో మరల ఆ దళముననే చేరెను. 1944 నవంబరులో బెల్ఫోరు ప్రాంతపు యుద్ధమున, గాయపడినవారిని మోసికొనిపోవు పనిలో నుండఁగాఁ దానును గాయపడి కుడికాలు పోఁగొట్టుకొనెను. 1946లో అతనికి ఫ్రాన్సు పౌరసత్వము లభించెను. 1947లో ప్యారిసునందలి లీడియా కోంటి చిత్రశాలలో అతని చిత్రములు మాత్రమే ప్రత్యేకముగాఁ బ్రదర్శింపఁబడెను. ఆ నగరమున నతని కది యట్టి ప్రథమ ప్రదర్శనము. ఆ సంవత్సరమే అలెన్ రెనే యతనిని గూర్చి యొక చిన్న చలనచిత్రమును నిర్మించెను. పుట్టిన దేశము, శరీరములో నొక భాగము, జీవితములోఁ బండ్రెండేండ్లు పోయిన తరువాత వచ్చిన ఖ్యాతి యిది.

పాస్టెల్ స్వరూపము

పాస్టెల్ అను పదము ఇటలీ భాషలో ముద్ద యను నర్థము గల పాస్తా శబ్దమునుండి పుట్టినది; అల్పార్థక ప్రత్యయము చేరఁగా చిన్నముద్ద యని యర్థమగును. రంగుపొడిని తెల్లసుద్దతోఁ గలిపి, స్వల్పముగా జిగురు చేర్చి, ముద్దచేసి కడ్డీలుగాఁ జుట్టి యారఁబెట్టినది పాస్టెల్. తైలవర్ణమునందు రంగుపొడి నూనెలో మునిఁగియుండును. పాస్టెల్ నందు జిగురు మిక్కిలి తక్కువగుటచే పొడి పొడిగానే కాగితపు నూగునఁ జిక్కుకొని నిలుచును. కావుననే దానికి మెఱుఁగు లేదు, వర్ణశోభ మాత్రము నిండుగా నుండును. వ్రేలు తగిలినఁ జెదరును, కదలించిన రాలును. అద్దము వెనుక నుంచి భద్రపఱుపవలయును. పొడి రాలకుండ బంకనీరు చల్లుట కలదు కాని, దానివలన రంగు కొంత నల్లఁబడును.

ఈ సాధనమునకు వెనిసు నగరవాసిని రొసాల్బా కరియేరా (1673-1757) మిగుల ప్రతిష్ఠ తెచ్చెను. ఆమె 1720-21లో ప్యారిసున నివసించినప్పుడు ఆ నగరపు శ్రీమంతులు తమ ముఖచిత్రములను పాస్టెల్‌తో వ్రాయించుకొనుట కెగఁబడిరి. ఆమె తరువాత మోరిసు కాంతె ద లాతూరు (1704-1788), జెనీవావాసి లియోతారు (1702-1789) ఇందుఁ బ్రసిద్ధులైరి. పందొమ్మిదవ శతాబ్దమున దెగా (1834-1917) నర్తకులను, రెదో (1840-1916) పుష్పములను, స్వప్నములను పాస్టెల్‌తో రచించిరి. 1949లో ప్యారిసునందలి సెనెలియే వర్తకశాలవారు పికాసో, హెన్రీ గోట్జు అను చిత్రకారుల కోరికపై నూనెయు మైనమును గలిపిన పాస్టెల్ కడ్డీలను తయారుచేసిరి. ఈ గోట్జు హార్టుంగునకు మిత్రుఁడు. అయినను ఇచట విచారింపఁబడునది పూర్వపు పొడిజాతి పాస్టెల్.

ముఖచిత్రములకును పుష్పములకును మృదువని పేరొందిన యీ సాధనము హార్టుంగునకు వేఱొక గుణముచేత నుపకరించెను. కుంచెకు రంగు అందించుచుండవలయును. రంగు తీఱినచో గీత తెగిపోవును. కడ్డీయో తానే రంగు, తానే లేఖిని. చేతి యొత్తిడి హెచ్చినఁ గీత చిక్కనగును, తగ్గినఁ బలుచనగును. కడ్డీని నిలువునఁ బట్టిన సన్నని గీతయు, అడ్డముగాఁ బఱచిన వెడల్పైన పట్టెయు ఏర్పడును. ఆఱువఱకు వేచియుండనక్కఱలేదు. తుడిచివేసి మరల మొదలిడుట మాత్రము కష్టము. కావునఁ జేతి కదలికను జరిగినది జరిగినట్లుగా నిలుపుటలో పాస్టెల్ సాక్షివంటిది. మెఱుపును ఉఱుమునకు మునుపే గీయఁగోరిన బాలునకుఁ దగిన సాధనమే పెరిగినమీఁదట దొరకినది.

పత్రమునుండి పటమునకు

1930 తరువాతి సంవత్సరములనుండి రమారమి 1960 వఱకు హార్టుంగు తన పటములలోఁ బెక్కింటిని చిన్న పత్రములను జూచి పెంచి రచించెను. ఆ విధానము పూర్వకాలపు టిటలీ భిత్తిచిత్రకారు లెఱిఁగినదే. పత్రముపై సమచతురశ్రములైన గడులు గీయుదురు. పెద్ద పటముపై అంతే లెక్కకుఁ బెద్ద గడులు గీయుదురు. పిదప గడికి గడి సరిచూచుచు, పత్రములోని ప్రతిరేఖను దాని స్థానము చెడకుండఁ బటమున కెక్కింతురు. భిత్తిచిత్రకారుఁడు ఈ విధముగా మనుష్యాకృతుల నెక్కించెను. హార్టుంగు ఎక్కించినది తన చేతి వడినే.

ఇందలి వింత గమనింపఁదగినది. పత్రముపై అరక్షణములోఁ బడిన గీతను పటముపై నిలుపుటకు ఎంతో సేపు ఓపికతోఁ బనిచేయవలయును. గీత మొదలు లావై తుద సన్నగిలినచోట ఆ సన్నఁదనమును చిన్నకుంచెతో దిద్దవలయును. పత్రముమీఁద సిరా చిందిన చుక్కలను సైతము విడువక, వాని యాకారముతోడనే పటమునఁ జేర్చిన సందర్భములు కలవు. తాళపత్ర గ్రంథములతోఁ బరిచయము గల పండితులకు ఇట్టి లేఖకుఁడు తెలిసినవాఁడే. మాతృకలో అక్షరము శిథిలమైన తావున తానును ఖాళీ విడిచి, దోషమని తోఁచినదానిని సైతము దిద్దక యెత్తి వ్రాయువాఁడు ఉత్తమ లేఖకుఁడు. హార్టుంగు తనకుఁ దానే యట్టి లేఖకుఁడయ్యెను.

ఈ పద్ధతి కేమి కారణము? పేదఱిక మొక కారణము. నార వస్త్రమునకును తైలవర్ణములకును వెల యెక్కువ. పది పటములు చెడఁగొట్టి పదునొకండవదానిని మిగుల్చుకొను స్తోమతు ప్యారిసు చేరిన ప్రవాసికి లేకుండెను. కాగితము చౌక. నూఱు పత్రములపై చేయిని స్వేచ్ఛగా విడిచి, కుదిరినదానిని మాత్రమే పటమునకుఁ బెంచుట మితవ్యయము. కాని పేదఱిక మొక్కటియే కారణమైనచో, యుద్ధానంతరము ఖ్యాతి వచ్చి చిత్రములు విక్రయమగుచున్న కాలమున నీ పద్ధతి యంతరింపవలసియుండెను. అట్లు జరుగక మఱి కొన్నేండ్లు నడచినది. కావున రెండవ కారణము నంగీకరింపవలయును. అది పరీక్ష. క్షణికమైన చేష్టలలో నేది నిలువఁదగినదో యా క్షణమునఁ దెలియదు. చేష్టకు వేగము, పరీక్షకు విలంబము కావలయును. ఈ రెండును ఒకే తలముపై నేకకాలమున జరుగుట దుర్ఘటమగుటచే, హార్టుంగు వేగమును పత్రమునకును విలంబమును పటమునకును పంచియిచ్చెను.

పూర్వపక్షము, సమాధానము

యుద్ధానంతర కాలపు విమర్శకు లనేకులు వేఱుగాఁ దలంచిరి. 1947 మొదలుకొని జార్జి మాత్యూ మున్నగువారు ప్యారిసున భావగీతాత్మక నిర్వస్తుకకళను ఘోషించిరి. 1952లో మిషెల్ తాపియే తన గ్రంథమున పూర్వనియమముల నన్నిటిని విడిచిన వేఱొక కళను ప్రతిపాదించెను. ఆ యేఁటనే అమెరికాలో హెరాల్డు రోజెన్‌బర్గు పటమును చిత్రకారుని క్రియకు రంగస్థలముగా వర్ణించెను. ఇట్టి వాదములు వ్యాపించిన కాలమున హార్టుంగు పటములు క్షణికచేష్టకు నిదర్శనములుగా శ్లాఘింపఁబడుట సహజము. పిదప గడులు గీచిన పత్రములను పటములతో సరిపోల్చి చూచినవారిలోఁ గొందఱకు నిరాశ కలిగెను. పటము క్షణికచేష్ట కానియెడల అట్లు కానవచ్చుట కపటము కాదా, ఆశువుగాఁ జెప్పినట్లు నటించి కంఠస్థము చేసిన పద్యమును జదివిన కవివంటివాఁడు కాఁడా యితఁడు, అని పూర్వపక్షము.

దీనికి సమాధాన మిది. ఆశుత్వము పటమునకుఁ గలదని యారోపించినది ముఖ్యముగా విమర్శకులు. ఆరోపము నశించినంత మాత్రమున వస్తువునకు హాని లేదు. రెండవది, ఆశుత్వము లేకపోలేదు, పత్రమునం దున్నది. సభలో ఆశువుగాఁ బుట్టిన పద్యము పిదప ప్రతులలో వ్రాయఁబడినంతనే ఆశుకవిత్వము కాకపోదు. వ్రాఁతప్రతి ఆశువు కాదనుట యెంత నిజమో, పద్యము ఆశువే యనుటయు నంతే నిజము. మూఁడవది, పెంచుటయం దర్థభేదము కలదు. జానెడు పత్రముమీఁద మణికట్టు తిరుగుటచేఁ బుట్టిన గీత, నిలువెత్తు పటముపై మనుష్యుని బాహువంత పొడవగును. పొడిసుద్ద గరుకుఁదనము తైలవర్ణమునఁ గొంత పోవును. దానికి బదులు కాంతియు లోతును వచ్చును. కావున పటము పత్రమునకు కేవల ప్రతిలేఖనము కాక, వ్యాఖ్యానముతోఁ గూడిన ప్రతియని నిర్ణయింపఁదగును. వ్యాఖ్యానము గౌరవింపఁదగినదే. అయినను మూలమును వ్యాఖ్యానమువలనఁ దెలిసికొని మూలమునే మఱచుట శాస్త్రపద్ధతి కాదు.

1958-61 నాఁటి పత్రములు

1958 మొదలు 1961 వఱకు హార్టుంగు పాస్టెల్ పత్రములను విరివిగా రచించెను. గడ్డిపోచల కట్టవలె, గాలికి వంగిన రెల్లువలె, నల్లని గీతలు గుంపులుగా లేచి, ఒకవైపునకు మొగ్గి, తుదల విడిపోవుట వీనిలోఁ దఱచు. వానివెనుక పసుపు, నీలము, గోధుమ మున్నగు వర్ణములు పలుచని పొరలుగాఁ బఱవఁబడియుండును. గీతల నడుమఁ గాగితపు నూగు తెల్లగాఁ దొంగిచూచును. ఒక్కొక్క గీతను విడిగాఁ జూచిన వడి గోచరించును. కట్టనంతయుఁ గలిపి చూచినఁ దూకము కుదిరినట్లుండును. సువర్ణవిభాగమును గొలిచి చూచిన విద్యార్థి యిచట మరలఁ గానవచ్చుచున్నాఁడు.

ఈ చిత్రములకుఁ బేరులు లేవు. హార్టుంగు తన చిత్రములను అక్షరముతోను సంవత్సరముతోను సంఖ్యతోను మాత్రము గుర్తించెను. లండనునందలి టేట్ చిత్రశాలలోని యొక పటమునకు టీ 1963-ఆర్ 6 అని గుర్తు. పేరు లేని చిత్రమున కర్థమేమి యని యడుగువారు కలరు. వ్యాకరణ శాస్త్రమున దీనికి దగ్గఱి దృష్టాంతము లభించును. లోకమున అగ్ని యనిన మండెడి నిప్పని యర్థము. వ్యాకరణసూత్రమున అగ్ని శబ్దమునకుఁ బ్రత్యయము విధింపఁబడినప్పుడు ఆ ప్రత్యయము నిప్పునకుఁ జేరదు, ఆ శబ్దమునకే చేరును. అచట శబ్దము తన రూపమునే తాను బోధించును. అంతమాత్రమున నది నిరర్థక మనువాఁడు వైయాకరణుఁడు కాఁడు. అట్లే నిర్వస్తుక చిత్రమున గీత చెట్టును గాని పుట్టను గాని బోధింపక, తన వడిని, తన యొత్తిడిని, తన దిశను బోధించును. ఆ గీత యొక్క స్వరూపమే ప్రమేయమగుటచే, స్వరూపము చెడని ప్రతి యేది యను ప్రశ్న యిచట మఱింత ముఖ్యమగుచున్నది. వస్తువును జూపు చిత్రమున గీత కొంత మాఱినను వస్తువు తెలియును. గీతయే వస్తువైనచోట గీత మాఱిన వస్తువు మాఱినట్లే.

1960లో వెనిసు నగరపు అంతర్జాతీయ ప్రదర్శనమున హార్టుంగునకు చిత్రకళయందు మహాబహుమానము లభించెను. ఆ సంవత్సరమే యట్టి గౌరవము పొందిన ఝా ఫోత్రియే (1898-1964) యుద్ధకాలమునఁ జంపఁబడిన బందీలను గూర్చిన చిత్రములలో, దట్టమైన పూఁతపై రంగుపొడిని ప్రయోగించినవాఁడు. ఇంచుమించుగా ఆ కాలముననే హార్టుంగు పత్రమును జూచి పటమును బెంచు పద్ధతిని విడిచి, త్వరగా నాఱెడి వినైల్ వర్ణములతో పటముపైననే నేరుగా రచింప నారంభించెను. తడియాఱని వర్ణమును మొనగల సాధనములతో గీఱి, గుంపులైన సన్నగీతలను దీసెను. ఈ గీతల పోకడ అంతకుఁ గొంచెము మునుపటి పాస్టెల్ పత్రముల పోకడకు మిక్కిలి దగ్గఱ. దీనినిబట్టి, పాస్టెల్ పత్రములపై నభ్యసించిన చేయియే యిప్పుడు నడిమి మెట్టు లేక పటమున కెక్కినదని యూహింపఁదగును. మూలమునకుఁ బ్రతి వ్రాయుట ముగిసి, పటమే మూలమైనది. వృద్ధాప్యమునఁ జక్రముల కుర్చీలోఁ గూర్చుండి, వర్ణమును జిమ్మెడి యంత్రముతో రచించెను; తుది సంవత్సరమైన 1989లో మూఁడువందలకు మించిన పటములను ముగించి, డిసెంబరు 7వ తేదీని ఆంటీబు నగరమున మృతి నొందెను.

ఫలితము

ఈ విచారమువలన మూఁడంశములు తేలుచున్నవి. మొదటిది, 1960కి పూర్వపు హార్టుంగు పటముల చరిత్రము వ్రాయునప్పుడు పత్రమున్నచోట రచనాకాలమును పత్రమునుబట్టి నిర్ణయింపవలయును. పటముపైనున్న సంవత్సరము ప్రతి వ్రాసిన సంవత్సరము కావచ్చును. రెండవది, పత్రములను పటములకు సన్నాహములని యెన్నుట తగదు. చేతి వడికి ప్రత్యక్షసాక్ష్యము పత్రమునందే కలదు. పటమునందున్నది ఆ సాక్ష్యమునకు విచారపూర్వకమైన యనువాదము. మూఁడవది సంరక్షణమును గూర్చినది. పటములు గోడలపై నిలిచి సర్వజనులకుఁ గానవచ్చును. పాస్టెల్ పత్రములు వెలుతురునకును కదలికకును ఓర్వలేనివగుటచే పెట్టెలలో నుండును, అప్పుడప్పుడు మాత్రమే వెలికి వచ్చును. హార్టుంగు, అతని భార్య అన్నా ఏవా బెర్గ్‌మను (1909-1987) ఆంటీబున నివసించి చిత్రములు రచించిన గృహము నేఁడు వారి పేరిట నొక సంస్థయై, పటములతోడఁ బత్రములను గూడ భద్రపఱుచుచున్నది. రెంటిని ప్రక్కప్రక్కనఁ బెట్టి చూచుట కట్టి తావులే యాధారము.

మాతృక దొరకినప్పుడు ప్రత్యంతరములను దానితో సరిచూచుట గ్రంథపరిష్కర్తలకు విధి. గీతలే గ్రంథమైన యీ చిత్రకారుని విషయమునను ఆ విధి మాఱదు. వ్రేలు తగిలినఁ జెదరిపోవు సుద్దపొడి యిచట మాతృక. నూఱేండ్లు నిలువఁగల తైలపటము దానికిఁ బ్రతి.